లాకు అవతల నాలుగు ఫర్లాంగులు

12 మే 1997

అమలాపురం వెళ్ళి వచ్చాం. డాక్టరు శ్యామ్ సుందర్ గారు నా జబ్బకి పట్టీ చుట్టి రెండుసార్లు గాలి కొట్టారు. మొదటిసారి వచ్చిన అంకె ఆయనకి నచ్చలేదు. రెండోసారీ అదే వచ్చింది. బీపీ నూట ఎనభై, కింద నూట పది. సుగరు రెండొందల అరవై.

"నడవండి వీర్రాజుగారూ. రోజూ పొద్దున్నే ఓ గంట" అన్నారు.

"రైతుని కదండీ, పుట్టినప్పట్నించీ గట్ల మీద నడుస్తూనే ఉన్నాను" అన్నాను.

"ఇప్పుడు నడుస్తున్నారా అండి?"

నేను నోరు తెరిచేలోపే మా ఆవిడ అందుకుంది. "ఎక్కడండీ. తుపాను దగ్గర్నించీ అరుగు దిగట్లేదండి. పడక్కుర్చీ, పేపరు. పేపరు కూడా చదవరండి, పట్టుకుని కూర్చుంటారు."

వెంకటరమణమ్మని ఎక్కడికీ తీసుకెళ్ళకూడదు. పోలీసులకి కూడా అడక్కుండానే అన్నీ చెప్పేస్తుంది.

డాక్టరుగారు మెత్తగానే మాట్లాడతారు కానీ మాట మటుకు సూటి. ఇలాగే ఇంకో మూడు నెలలు కూర్చుంటే కాలూ చెయ్యీ పడిపోవచ్చు, అప్పుడు నా దగ్గరికి కాదు, కాకినాడ తీసుకెళ్ళాల్సి వస్తుంది అన్నారు. రెండు రకాల బిళ్ళలు రాశారు. రోజూ ఎంత దూరం నడిచిందీ, ఎంతసేపు నిద్రపోయిందీ ఒక పుస్తకంలో రాయమన్నారు. అందుకే ఈ నోటుబుక్కు. ఆయన దీన్ని చూడబోయేదేం లేదులే.

ఇవాళ నడిచింది: బస్సు దిగి ఇంటికి.

13 మే

ఈ ఊళ్ళో ఊరికే నడవడం జరిగే పని కాదు. ఇంకా వంతెన దాటలేదు, "ఎక్కడికండీ?" అని ఒకాయన. ఎక్కడికీ కాదంటే నా మొహంలోకి చూసి, ఇంట్లో ఏమైనా గొడవా అన్నట్టు గొంతు తగ్గించాడు. రెండో ఆయన సైకిలు దిగిపోయి, మీరు నడుస్తుంటే నేనెలా తొక్కుతానండీ అని పక్కనే నడిచాడు. మూడోది పక్క వీధి శ్రీనివాసరావు స్కూటరు. "ఎండలో నడవడం ఏంటండీ, ఎక్కండి, దింపేస్తాను" అన్నాడు. వద్దంటే నొచ్చుకున్నాడు. మర్యాద కోసం ఎక్కాను. వాళ్ళింటికి తీసుకెళ్ళి టీ ఇప్పించి, మళ్ళీ మా ఇంటి ముందు దింపాడు. టీలో పంచదార వద్దంటే వాళ్ళావిడ చిన్నబుచ్చుకుంటుందని అదీ తాగాను.

డాక్టరుగారి వైద్యం మన మర్యాదల ముందు నిలవదు.

14 మే

వెళ్ళలేదు.

15 మే

వెళ్ళలేదు. ఎండ.

16 మే

ఇవాళ పొద్దున్న మా ఆవిడ గంజి గిన్నె పట్టుకుని వీధి గుమ్మంలో నించుని, "ఏవండీ, దీన్ని తీసుకెళ్ళండి. కుక్కని స్కూటరు ఎక్కించుకుంటానని ఎవరూ అనరు" అంది. మనిషికి చదువు లేదు కానీ బుర్ర ఉంది.

ఆ కుక్క సత్తియ్యది. ఎర్ర కుక్క, ఒక చెవి వాలి ఉంటుంది. ఊరంతా సత్తియ్య కుక్క అనే అంటారు. పేరేంటో నాకు తెలియదు. నా ముందు వాడు దాన్ని ఎప్పుడూ పేరు పెట్టి పిలవలేదు, ఈల వేసేవాడు. తుపాను తరవాత నెలకి అదే వచ్చి మా గుమ్మం దగ్గర పడుకోవడం మొదలుపెట్టింది. మా ఆవిడ గంజి పోస్తుంది. నేను దాని వంక చూడను.

సంగతి ఒక్కసారి రాసేసి ఇంక రాయను. సత్తియ్య ఇరవై రెండేళ్ళు మా కొబ్బరి తోటలో దింపు తీశాడు. నా చెట్లెక్కి నా కాయలు కోసినవాడు ఇంకొకడు లేడు. మొన్న నవంబరు ఆరో తారీకున, నాలుగు రోజుల్లో దీపావళి, తరవాత కార్తీకం, కాయకి గిరాకీ అని దింపు పెట్టాను. కాయంతా తోటలో రాశి పోసి ఉంది. పొద్దున్నే లారీ వస్తుంది, రాత్రికి రాశి దగ్గరే ఉండరా అన్నాను. రేడియోలో తుపాను అంటున్నారండి అన్నాడు. రేడియోవాడు చెప్పిన తుపానులన్నీ వస్తే మనం ఈపాటికి ఉండేవాళ్ళమా అన్నాను. నవ్వాడు. మర్నాడు కూలిన చెట్ల కింద దొరికాడు.

నేను మళ్ళీ తోటకి వెళ్ళలేదు. వాడి భార్య వీరాయమ్మ తోట పక్కనే ఉంటుంది. బియ్యం వేరే మనిషి చేత పంపిస్తాను. అదీ సంగతి.

కుక్క మెడకి కడదామని మేకుకున్న కొబ్బరి తాడు తీశాను. తాడు చూడగానే నేలకి కరుచుకుపోయి, ఒళ్ళంతా వణుకుతూ ఉచ్చ పోసేసింది. సోమరి కుక్క, నడవాల్సొస్తుందని తెలిసిపోయినట్టుంది. తాడు నా భుజాన వేసుకుని బయల్దేరితే మటుకు తోక ఊపుకుంటూ ముందు పడింది.

కాలువగట్టు మీద తూము దాకా వెళ్ళాం. మూడుసార్లు ఆగాను, ఆయాసం. నేను ఆగినప్పుడల్లా అదీ ఆగి గడ్డి వాసన చూసింది. చూసేవాళ్ళకి కుక్క కోసం ఆగినట్టే ఉంటుంది. మంచిదే.

18 మే

తూము దాటి, కాలువ మీద తలుపులున్న లాకు దాకా వెళ్ళాం. కుక్క అలిసిపోయింది. వెనక్కి వచ్చేశాం.

21 మే

ఊరికి కబుర్లు దొరికాయి. తాటిపాకలో గ్యాసు కంపెనీ ఆఫీసర్లు నిక్కర్లు తొడుక్కుని, కుక్కలకి గొలుసులు వేసి తిప్పుతారు. వీర్రాజుగారికి కూడా అక్కడ ఉద్యోగం వచ్చిందట. శ్రీనివాసరావు స్కూటరు ఆపి, "ఏవండీ, నిక్కరు ఎప్పుడండీ?" అని అడిగాడు. "నీ పెళ్ళికి కొన్న పంచె ఇంకా చిరగలేదయ్యా" అన్నాను.

నాకే ఆశ్చర్యం వేసింది. మనిషిని ఎగతాళి చేసి ఎన్నాళ్ళయిందో.

కానీ ఎవరూ ఎక్కమనడం లేదు. ఎక్కడికండీ అంటే కుక్కని తిప్పుతున్నానండి అంటాను. దానికి ఎదురు ప్రశ్న లేదు. మనిషి తన ఆరోగ్యానికి నడిస్తే వింత, కుక్క ఆరోగ్యానికి నడిస్తే పని.

లాకు దాకా. కుక్క అలిసిపోయింది. వెనక్కి వచ్చేశాం.

22 మే

లాకు దాకా. కుక్క వెనక్కి తిరిగింది.

26 మే

వడగాడ్పు. అయినా అయిదున్నరకల్లా గుమ్మం దగ్గర తయారు. నేను చెప్పులు వేసుకునేదాకా ఊరుకోదు. మొదట గొంతులో మూలుగుతుంది, తరవాత ఒకే ఒక్క అరుపు. మా ఆవిడ దానికి డాక్టరుగారు అని పేరు పెట్టింది. "మీ డాక్టరుగారు వచ్చేరు, లేవండి."

ఇవాళ దారిలో ఆగకుండా లాకు చేరాను. లాకు మెట్ల మీద కూర్చున్నాం. అది అవతలి గట్టు వంక చూస్తూ కూర్చుంది. నేను ఇవతలి నీళ్ళ వంక చూస్తూ కూర్చున్నాను. అలిసిపోయింది పాపం. వెనక్కి వచ్చేశాం.

3 జూన్

రాత్రి తొమ్మిదికి పడుకుంటే తెల్లారి అయిదుకి మెలకువ వచ్చింది. నవంబరు తరవాత ఇదే మొదలు. ఇన్నాళ్ళూ రెండింటికి లేచి, దూలాలు లెక్కపెట్టుకుంటూ తెల్లవార్చేవాణ్ణి. మా ఇంట్లో పదకొండు దూలాలు.

అరికాళ్ళ తిమ్మిరి తగ్గింది. ఉంగరం వదులైంది. ఆకలి వేస్తోంది, అదే చిక్కు. ఆవకాయ అడిగితే మా ఆవిడ వేలితో రాసినంత వేసింది. కుక్కకి మటుకు గంజిలో పెరుగు కలిపింది. వైద్యుడికి ఉన్న మర్యాద రోగికి లేదు.

కుక్క మీద కోపం రావడం లేదు. మొదట్లో ఆ వాలిన చెవి కనబడితేనే మొహం తిప్పుకునేవాణ్ణి. ఇప్పుడు గట్టు మీద పది బారలు ముందు పరిగెత్తి, నేను వస్తున్నానో లేదో అని వెనక్కి తిరిగి చూస్తుంది. నేను కనిపించేదాకా కదలదు. నా కోసం ఎవరైనా అలా చూసి చాలా ఏళ్ళయింది. మా ఆవిడ చూస్తుంది కానీ దానికి వేరే కారణాలుంటాయి.

9 జూన్

అమలాపురం. బీపీ నూట యాభై, కింద తొంభై నాలుగు. సుగరు నూట తొంభై. డాక్టరుగారు మళ్ళీ పట్టీ చుట్టి చూశారు. ఈసారి అంకె నచ్చింది.

"ఏం చేసేరండీ?"

"కుక్కని తిప్పేనండి."

"ఎంత దూరం?"

"లాకు దాకానండి. దానికి అంతకంటే ఓపిక లేదండి."

ఆయన నవ్వారు. "మనిషి కంటే కుక్క ముందు అలిసిపోవడం నేనెక్కడా వినలేదండి" అన్నారు. మా ఆవిడ చటుక్కున కిటికీలోంచి బయటికి చూసింది. ఆవిడ చెప్పకుండా ఊరుకున్న సంగతి అదొక్కటే. దొంగకి తేలు కుట్టినట్టు నేనూ ఊరుకున్నాను.

14 జూన్

కుక్క రాలేదు. ఏడు దాకా చెప్పులు వేసుకుని అరుగు మీద కూర్చున్నాను. వెళ్ళలేదు.

15 జూన్

రాలేదు. మా ఆవిడ గంజి గిన్నె గుమ్మంలో పెట్టి రెండుసార్లు వచ్చి చూసింది. ఒక్కణ్ణీ లాకు దాకా వెళ్ళాను. దారిలో ముగ్గురు "కుక్క ఏదండీ?" అని అడిగారు. ఎక్కడికండీ అని మటుకు ఎవరూ అడగలేదు.

లాకు మీద నించుని పిలుద్దామనుకున్నాను. ఏమని పిలవాలి? నెల రోజులు నాతో నడిచిన దాని పేరు నాకు తెలియదు. ఈల వేద్దామంటే గాలి తప్ప ఏమీ రాలేదు. అవతలి గట్టున గేదెలు కాసే ఆవిడ నా వంక వింతగా చూసింది. వెనక్కి వచ్చేశాను.

16 జూన్

రాలేదు. రాత్రి మళ్ళీ దూలాలు.

ఒక మాట రాయాలి. ఈ పుస్తకం ఎవరూ చూడరు కాబట్టి రాయాలి. కుక్క ఒక్కరోజు కూడా అలిసిపోలేదు. ఒక్కరోజు కూడా వెనక్కి తిరగలేదు. లాకు దాటి అవతలికి పది గజాలు పరిగెత్తేది, తిరిగి నా వంక చూసేది, మూలిగేది. నేను వెనక్కి తిరిగితే అప్పుడు తల వేలాడేసుకుని వచ్చేది. అలా రోజూ. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు నేను ఆగి దాని మీద పెట్టాను.

అది లాకు అవతల తోటకే వెళ్ళి ఉంటుంది. ఇంకెక్కడికి వెళ్తుంది? కాలో చెయ్యో విరిగి అక్కడ పడి ఉందేమో. సత్తియ్య కూడా తెల్లారేదాకా అక్కడే పడి ఉన్నాడు.

17 జూన్

వెళ్ళాను.

పొద్దున్న మా ఆవిడకి చెప్పలేదు. కానీ గడప దిగుతుంటే ఒక చిన్న బెల్లం డబ్బా నా చేతిలో పెట్టింది. "వట్టి చేతుల్తో వెళ్ళకండి" అంది. ఈవిడ గురించి నేను రాసినవన్నీ కొట్టేయాలి.

లాకు దాటాక కాళ్ళు బాగానే నడిచాయి. నెల రోజుల అలవాటు. తోటలో ఒక్క చెట్టూ ఉండదనుకున్నాను. నలభై దాకా నించుని ఉన్నాయి. వంగినవి వంగినట్టే మళ్ళీ పైకి తల తిప్పి గెలలు వేశాయి. ఇన్నాళ్ళూ నేను అరుగు మీద కూర్చుని మనసులో వాటిని కూడా చంపేశాను.

వీరాయమ్మ గుడిసె ముందు కొబ్బరి కమ్మలు అల్లుతోంది. పక్కనే కుక్క. ముందు కాలికి పాత చీర ముక్కతో కట్టు, దాని మీద పసుపు. నన్ను చూసి లేవలేక లేచి, కుంటుకుంటూ వచ్చి నా పంచె వాసన చూసింది. నేనెక్కడికైనా పారిపోతాననుకుందో ఏమో, నా కాలి మీద కూర్చుంది.

"రండి కామందుగారు" అంది వీరాయమ్మ. గబగబా కొంగుతో పీట తుడిచి వేసింది. "గాజు పెంకు దిగిందండి కాల్లో. మూడ్రోజుల కిందట వచ్చి గుమ్మంలో పడుకుంది. తరిమినా పోలేదండి."

"తరిమేవా?"

"ఆయ్. తుపాను అయ్యేక కర్రెట్టి తరిమేసేనండి దీన్ని. కళ్ళకి కనబడితే ఓర్చుకోలేపోయేదాన్ని. మీరు తిప్పుతున్నారని తెలిసి, పోనీలే ఎక్కడో అక్కడ బతుకుతోంది అనుకున్నానండి."

కుక్క ఏం చేసిందని తరమడం అనుకున్నాను. నేను ఏడు నెలలుగా నోట్లో పెట్టుకున్న మాట అప్పుడే చెప్పకపోతే ఇంక చెప్పలేను. చెప్పేశాను. "వీరాయమ్మా, రాశి దగ్గర ఉండమన్నది నేనే. వాడు తుపాను అన్నా నేను వినలేదు. నా మాట వల్లే పోయాడు."

ఆవిడ చేతిలో కమ్మ ఆగింది.

"మీరు ఉండమన్నారు గానండి, ఆయన ఉండలేదండి."

"ఉండలేదా?" అన్నాను.

"పొద్దుగూకకుండానే ఇంటికొచ్చేసేడండి. మీరు వింటే కోప్పడతారని, రాశి దగ్గర దీన్ని కట్టేసి వచ్చేడు. ఎవరైనా వస్తే అరుస్తుంది కదా అని. కూడు తిన్నాడు. పడుకున్నాడు. అంతలో గాలి ఎక్కువైపోయింది, చెట్లు ఊగిపోతున్నాయి. లేచి కూర్చుని, అయ్యో దాన్ని కట్టేసి వచ్చేనే, విప్పేసి వచ్చేస్తానే అన్నాడు. నేను కాళ్ళు పట్టుకున్నానండి. కుక్క కోసం ఏంటయ్యా అన్నాను. నోరు లేనిది, నేనే కట్టేను, నేనే విప్పాలి అన్నాడండి."

కుక్క మా ఇద్దరి మధ్యా కట్టు నాకుతూ కూర్చుంది.

"అది వచ్చిందండి, మెళ్ళో తాడు ముక్కతో. ఆయన రాలేదండి."

మేకుకి వేలాడే నా తాడు గుర్తొచ్చింది. ఆ రోజు నేలకి కరుచుకుని వణికిన వణుకు గుర్తొచ్చింది. సోమరి కుక్క అని రాశాను నేను.

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదమ్మా?"

తల వంచుకుంది. "మీ మాట కాదని వచ్చేసేడని తెలిస్తే కోప్పడతారని భయమేసిందండి. పోయినోడి మీద కూడా మీకు కోపం ఉండకూడదని. తరవాత చెప్పేద్దాం అనుకున్నానండి. మీరు రాలేదు కదండీ."

మీరు రాలేదు కదండీ. ఆ మాటలో దెప్పు లేదు. ఉంటే బాగుండేది.

ఏడ్చాను. రాయడానికి సిగ్గెందుకు, యాభై ఎనిమిదేళ్ళవాణ్ణి ఆ పీట మీద కూర్చుని ఏడ్చాను. ఆవిడా ఏడ్చింది. నా మీదికి పాకి నా గడ్డం నాకినది మటుకు ఆ కుక్కే. దాని మీద ఏడు నెలల నిందలు రెండిళ్ళలోనూ ఉన్నాయి, దానికేం తెలుసు.

నా తప్పు లేదని కాదు. ఉండమన్నది నేనే, రేడియోని ఎగతాళి చేసిందీ నేనే. వాడు వచ్చేసినా నా భయంతోనే కుక్కని కట్టి వచ్చాడు. కానీ చివరికి వాడు తోటకి వెళ్ళింది నా రాశి కోసం కాదు. నన్ను కాదని ఇంటికి వచ్చినవాడు, తను కట్టిన ముడి విప్పడానికి వెళ్ళాడు. సత్తియ్య నాకు తెలిసినదానికంటే పెద్దవాడు.

లేచేటప్పుడు అడిగాను. "దీని పేరేంటి? పిలవాలంటే పేరు తెలియక లాకు మీద నించుండిపోయాను."

వీరాయమ్మ కళ్ళు తుడుచుకుంటూ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఏమనుకోకండి. కామందు అనేవోడండి."

"కామందా?"

"తోటలో పని చెయ్యదు, కానీ చేసేవాళ్ళందరి మీదా అరుస్తుందండి. అందుకని. మీరున్నప్పుడు పిలవలేక ఈల వేసేవోడండి."

నేను నవ్వాను. ముందు కడుపులో మొదలైంది, తరవాత ఆగలేదు. ఇరవై రెండేళ్ళు నా ముందు తలెత్తి మాట్లాడని మనిషి, చెట్టు మీంచి నన్ను ఇంత బాగా చూశాడు. వీరాయమ్మా నవ్వింది. చెట్ల కింద మేమిద్దరం నవ్వుతుంటే కుక్క లేచి మా మీద అరిచింది.

లాకు నుంచి తోటకి నాలుగు ఫర్లాంగులు. పదిహేను నిమిషాల నడక. నాకు ఏడు నెలలు పట్టింది.

7 జులై

బీపీ నూట ముప్ఫై ఆరు, కింద ఎనభై ఆరు. సుగరు నూట నలభై. ఒక బిళ్ళ మానేయమన్నారు. "ఇప్పుడు ఎంత దూరమండీ?" అని అడిగారు డాక్టరుగారు. "లాకు దాటి తోట దాకానండి" అన్నాను. మా ఆవిడ ఈసారి కిటికీ వైపు చూడలేదు, నా వంకే చూసింది.

కుక్క పొద్దున్న మా ఇంట్లో గంజి తాగి, నన్ను నడిపించుకెళ్ళి, తోటలో వీరాయమ్మ దగ్గర ఇంకోసారి తాగుతుంది. నడక వల్ల ఒళ్ళు చేసింది అదొక్కటే. తాడు పొయ్యిలో పెట్టేశాను. రాశి పోసిన చోట, వానలు తగ్గకముందే, వీరాయమ్మా నేనూ కలిసి ఓ కొబ్బరి మొక్క పెట్టాలనుకున్నాం. సరిగ్గా ఎక్కడన్నది ఆవిడ చూపిస్తానంది.

8 జులై

తెల్లారకట్ట నుంచి వాన. ఇవాళ్టికి వద్దులే అనుకుని దుప్పటి కప్పుకున్నాను. గుమ్మం దగ్గర మొదట మూలుగు, తరవాత ఒకే ఒక్క అరుపు. వంటింట్లోంచి మా ఆవిడ కేకేసింది.

"ఏవండీ, కామందుగారు వచ్చేరు. లేవండి."

గొడుగు తీసుకుని లేచాను.